ఆదివారం కడుగుడు ఆపితే చేపలు బతుకుతాయి

ప్రశ్న: బాబు పుట్టినరోజుకి రెండడుగుల అక్వేరియం కొన్నాం. వాస్తు ప్రకారం ఎనిమిది బంగారు రంగువి, ఒక నల్లది, మొత్తం తొమ్మిది గోల్డ్‌ఫిష్ ఉండాలని అత్తగారు పట్టుబట్టారు. ట్యాంకు క్లీన్ చేస్తుందని షాపతను ఒక సక్కర్ చేపని, దాంతోపాటు ఒక హీటర్‌ని కూడా అంటగట్టాడు. ఆర్‌కే బీచ్‌లో బాబు ఏరుకొచ్చిన గవ్వలు, కొంచెం ఇసుక కూడా వేశాం. ప్రతి ఆదివారం నీళ్లన్నీ తీసేసి, రాళ్లు మరిగించి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండి కడుగుతున్నాను. అయినా మంగళవారానికల్లా నీళ్లు పాలలా అయిపోతున్నాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇప్పటికి నాలుగు పోయాయి. షాపులో చెబితే నీలం మందు ఇచ్చారు. అత్తగారేమో ఇంటి మీద ఉన్న దిష్టి తీసుకుని పోయాయి, మంచిదేలే అంటున్నారు. రోజూ అసలు ఏం చెయ్యాలి సార్?
ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: అమ్మా, మీరు కాస్త బద్ధకస్తురాలై ఉంటే ఆ నాలుగింట్లో కనీసం రెండైనా ఇంకా ఈదుతూ ఉండేవి. వెటకారం చెయ్యట్లేదు. చేపలు పోవడానికి సగం కారణం తొమ్మిది అనే లెక్క, మిగతా సగం మీ ఆదివారం కడుగుడు. మందు, దిష్టి రెండూ పక్కన పెట్టి ముందు ట్యాంకులో ఏం జరుగుతోందో చూద్దాం, అది అర్థమైతే రోజూ ఏం చెయ్యాలో సగం మీకే తెలిసిపోతుంది.

చేప ఏ నీళ్లలో తింటుందో ఆ నీళ్లలోనే అన్నీ వదులుతుంది. మనకి కనపడే రెట్ట కన్నా కనపడనిదే ప్రమాదం. చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది, తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే వస్తుంది. చెరువులో అయితే అన్ని నీళ్లలో ఎక్కడో కలిసిపోతుంది గానీ అరవై సెంటీమీటర్ల గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది? దాన్ని తినడానికే కొన్ని మంచి బాక్టీరియాలు పుడతాయి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది మరీ పేరుకుపోతే తప్ప చేపలకి పెద్దగా హాని చెయ్యదు. వారం వారం కొన్ని నీళ్లు మారిస్తే అది కూడా బయటికి పోతుంది. ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ, దాని కాపురమంతా ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద, అద్దాల మీద పట్టే సన్నటి జిగురు పొరలో ఉంటుంది. కొత్త ట్యాంకులో అది సరిపడా తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఇప్పుడు మీ ఆదివారం సంగతి చూడండి. రాళ్లు మరిగించారు, వాటి మీద ఉన్నది చచ్చిపోయింది. స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో తెల్లగా పిండారు, అక్కడున్నదీ పోయింది. నీళ్లన్నీ ఒకేసారి మార్చారు కాబట్టి చేపకి వేడి, నీటి గుణం అన్నీ ఒక్క గంటలో మారిపోయాయి. అంటే సోమవారం నుంచి మీ ట్యాంకు మళ్లీ మొదటి రోజు ట్యాంకే, కాకపోతే మొదటి రోజు నుంచే అందులో తొమ్మిది గోల్డ్‌ఫిష్ తింటూ, విసర్జిస్తూ ఉన్నాయి. మంగళవారం కనిపించే ఆ పాలరంగు, ఆపే బాక్టీరియా లేనప్పుడు నీళ్లలో వేరే బాక్టీరియా ఒక్కసారిగా పెరిగిపోవడం వల్ల వస్తుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం ఆకలితో కాదమ్మా. అమ్మోనియా మొప్పల్ని కాల్చేస్తుంది, నైట్రైట్ రక్తంలోకి ఎక్కి ఆక్సిజన్ మోసే పని పాడుచేస్తుంది, అందుకే నీళ్లలో గాలి ఉన్నా అవి ఉక్కిరిబిక్కిరి అవుతాయి. చాలామంది పాపం ఆకలేస్తోందేమో అనుకుని అప్పుడే ఇంకో చిటికెడు మేత వేస్తారు!

సరే, ఉన్న ఐదింటినీ కాపాడుకుందాం. మీ ట్యాంకు 60 × 30 × 30 సెంటీమీటర్లు అనుకుంటే 54 లీటర్లు, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు 45 లీటర్లు ఉంటాయేమో. వచ్చే మూడు నాలుగు వారాలు రోజూ, కుదరకపోతే రోజు విడిచి రోజు, పది పన్నెండు లీటర్లు మాత్రమే తీసి అంతే నీళ్లు పొయ్యండి. స్పాంజిని ముట్టుకోవద్దు, రాళ్లు బయటికి తియ్యొద్దు, అది ఎంత మురికిగా కనిపించినా సరే. మేత రోజు విడిచి రోజు చిటికెడు చాలు. కల్లుప్పు లీటరుకి ఒక గ్రాము చొప్పున, అంటే మీకు 45 గ్రాములు, మగ్గు నీళ్లలో కరిగించి రెండు రోజుల్లో సగం సగం పొయ్యండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని చేప ఒంట్లోకి పోకుండా చాలావరకు అడ్డుకుంటుంది. తర్వాత ఎన్ని నీళ్లు మారిస్తే అన్ని లీటర్లకి మాత్రమే ఉప్పు కలపాలి, ఆవిరై తగ్గిన నీళ్లకి కలపకూడదు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. ఎయిర్ పంపు రాత్రీ పగలూ తిరగాలి.

ఇంకో పని చెయ్యగలిగితే సగం టెన్షన్ పోతుంది. మీకు తెలిసినవాళ్లలో ఎవరింట్లోనైనా ఏడాది పైబడి ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చుకుని, తడి ఆరకుండా తెచ్చి, మీ ఫిల్టర్‌లో పెట్టండి. పెరుగుకి తోడు వేసినట్టే. వాళ్ల ట్యాంకులో ఈ మధ్య జబ్బు ఏదీ రాలేదని అడిగి మరీ తెచ్చుకోండి, తోడుతో పాటు తెగులు కూడా వస్తుంది.

నీళ్ల విషయం మీరు రాయలేదు గానీ వైజాగ్ అపార్ట్‌మెంట్లలో అసలు చిక్కు అక్కడే. సంపులో కలిసేవి ఒక్క రకం నీళ్లు కావు. జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ, ఇచ్చే నీళ్లు రైవాడ నుంచి వచ్చినా, మేఘాద్రిగెడ్డ నుంచి వచ్చినా, ఏలేరు కాలువ నుంచి వచ్చినా క్లోరిన్ కలిపే వదులుతారు. దానికి తోడు బోరు, వేసవిలో ట్యాంకరు. వాచ్‌మన్‌ని అడిగితే ఈరోజు ఏ నీళ్లు ఎక్కించాడో చెబుతాడు, అడగడానికి మొహమాటపడకండి. కుళాయి నీళ్లయితే బకెట్‌లో పట్టి మూత లేకుండా ఒక రోజంతా ఉంచండి, అందులో ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపు గొట్టం చివర బుడగలు వదిలే రాయి) వేస్తే ఇంకా త్వరగా క్లోరిన్ పోతుంది. అంత ఓపిక లేకపోతే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన లెక్కన కలపండి, అందులో ఉండేది మామూలుగా సోడియం థయోసల్ఫేటే. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి నేరుగా పోసెయ్యొచ్చు అనుకుంటారు. భూమిలోంచి అప్పుడే తోడిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, అందుకని అవి కూడా ఒక రాత్రి గాలి తగిలాకే పొయ్యాలి. సముద్రానికి దగ్గరలో ఉన్న బోర్లలో నాలుకకి ఉప్పగా తెలిసే నీళ్లొస్తుంటే వాటిని వాడకండి, అప్పుడు నేను పైన చెప్పిన ఉప్పు లెక్క కూడా తప్పిపోతుంది. ఇంకొంతమంది చేపల మీద ప్రేమ ఎక్కువై ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్నులు పోస్తారు. ఆర్‌వో నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం కొలత) నిలకడగా ఉండదు, అవి ఒట్టిగా పనికిరావు.

ఇక మీరు అడిగిన రోజువారీ పని. పొద్దున్న లైటు వేసి రెండు నిమిషాలు ఊరికే చూడండి, నిజంగా అంతే. చేపల్ని లెక్కపెట్టడం బాబుకి అప్పజెప్పండి, ఆ వయసు పిల్లలకి మనకన్నా ముందే తేడా తెలుస్తుంది. ఒకటి తక్కువైతే మొక్క వెనకో ఫిల్టర్ పక్కనో చచ్చి పడి ఉండొచ్చు, దాన్ని వెంటనే తియ్యకపోతే మిగిలినవాటికి చేటు. ఫిల్టర్ నుంచి నీళ్లు మామూలు ధాటితో వస్తున్నాయా, రెక్కలు విప్పుకుని ఈదుతున్నాయా, ఒంటి మీద పంచదార పలుకుల్లాంటి తెల్లచుక్కలు ఉన్నాయా, ఇవి చూసుకుంటే చాలు. మేత రెండు నిమిషాల్లో అవి ఖాళీ చేసేంతే వెయ్యాలి, అడుక్కి దిగేదాకా ఉందంటే ఎక్కువైనట్టే. గోల్డ్‌ఫిష్ ఎప్పుడు చూసినా ఆకలిగా ఉన్నట్టే అద్దం దగ్గరికి వస్తుంది, ఆ మొహం చూసి మోసపోకండి. తేలే మేత అయితే ఒక కప్పులో నిమిషం నానబెట్టి వెయ్యండి, గాలి మింగకుండా ఉంటుంది. ట్యాంకు కుదురుకున్నాక రోజుకి ఒకటి లేదా రెండుసార్లు, వారంలో ఒక రోజు ఉపవాసం. మీ ఇంట్లో శనివారం ఒంటిపూట ఉండేవాళ్లుంటే గుర్తుపెట్టుకోవడం సులువు. లైటు ఆరేడు గంటలకి మించొద్దు, కిటికీ ఎండ ట్యాంకు మీద పడనివ్వొద్దు, లేకపోతే నాచు పట్టి మళ్లీ మీకు కడగాలనిపిస్తుంది.

వారానికి ఒకసారి, ఆ ఆదివారమే పెట్టుకోండి, నాలుగో వంతు నీళ్లు మార్చాలి. ముందు ప్లగ్గులన్నీ తీసెయ్యండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. అరంగుళం పైపు కొనుక్కోండి, ఒక చివర సైఫన్ గొట్టం తగిలించినది షాపుల్లో దొరుకుతుంది. నోటితో పీల్చే పని లేదు. పైపు మొత్తం ట్యాంకులో ముంచి లోపలి గాలంతా పోయాక, ఒక చివర బొటనవేలితో మూసి, ఆ చివర కిందున్న బకెట్‌లోకి దించి వేలు తియ్యండి. నీళ్లు వాటంతట అవే దిగుతాయి. గొట్టాన్ని రాళ్లలోకి ఓ అంగుళం గుచ్చితే రాళ్లు లోపల గిరగిర తిరిగి కిందికి రాలిపోతాయి, గోధుమరంగు మడ్డి మాత్రం పైపులోంచి పోతుంది. పోయే నీళ్లు తేటగా కనపడగానే పక్క చోటికి జరపండి. ఒక వారం ట్యాంకులో సగం అడుగు, వచ్చే వారం మిగతా సగం, అంతకన్నా వద్దు. బకెట్ నిండేలోపు పాత ఏటీఎం కార్డుతో ముందు అద్దం గీకెయ్యండి, వెనక అద్దం మీద నాచు వదిలెయ్యండి, అది కూడా అమ్మోనియా తింటుంది. ఆ బకెట్‌కి, పైపుకి సబ్బు గానీ సర్ఫు గానీ ఎప్పుడూ తగలకూడదు, పనమ్మాయికి కూడా చెప్పండి. తీసిన నీళ్లు బాల్కనీలో మొక్కలకి ఎరువే, ఉప్పు కలిపినన్నాళ్లు మాత్రం పొయ్యకండి.

స్పాంజి మూడు నాలుగు వారాలకి ఒకసారి, నీళ్ల ధాటి తగ్గినప్పుడు, ఇప్పుడే ట్యాంకులోంచి తీసిన ఆ పాత నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండి పెట్టెయ్యాలి. గోధుమరంగు అలాగే ఉంటుంది, ఉండనివ్వండి. తెల్లగా వచ్చేదాకా పిండాలన్న కోరిక వంటింటి గిన్నెల దగ్గర తీర్చుకోండి. అడుగు మడ్డి ఎక్కువగా తీసిన రోజున స్పాంజి జోలికి పోకండి.

బీచ్ గవ్వల సంగతికొస్తే, ఒక గవ్వ మీద రెండు చుక్కల వెనిగర్ వేసి దగ్గరగా చూడండి. సన్నగా బుడగలు వస్తాయి. అది సున్నం రాయి జాతే, కాల్షియం కార్బొనేట్. నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతూ పీహెచ్ పెంచుతుంది. గట్టినీళ్లు, అంటే ఖనిజాలు ఎక్కువున్న నీళ్లు, గోల్డ్‌ఫిష్‌కి ఇబ్బంది కాదు గానీ పీహెచ్ పెరిగేకొద్దీ నీళ్లలో ఉన్న అమ్మోనియా ఎక్కువ విషమైన రూపంలోకి మారుతుంది, మీ ట్యాంకులో ఉన్నదే అమ్మోనియా గోల. గవ్వలు తీసి ఒక గాజు సీసాలో వేసి బాబు బల్ల మీద పెట్టండి, ఏడవడు. ఇసుక కూడా తీసెయ్యండి. మన తీరం ఇసుకలో ఆ నల్లని రేణువులున్నాయే, వాటిలో అయస్కాంతానికి అంటుకునేవి కూడా ఉంటాయి, అవి ఫిల్టర్ మోటారులో తిరిగే అయస్కాంతానికి అతుక్కుని దాన్ని అరగదీస్తాయి. మోటారు గరగరమంటుంటే ప్లగ్గు తీసి ఆ చిన్న రెక్క బయటికి లాగి చూడండి.

హీటర్ డబ్బాలో పెట్టి దాచెయ్యండి, గోల్డ్‌ఫిష్‌కి ఇష్టమైన వేడి 18 నుంచి 24 డిగ్రీలు, వైజాగ్ చలికాలానికి దాంతో పనేమీ లేదు. మనకి భయం వేసవితోనే. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, చేపకి మాత్రం అప్పుడే ఎక్కువ కావాలి. ట్యాంకు మీద చిన్న ఫ్యాను పెడితే ఆవిరై చల్లబడుతుందని చెబుతారు, నిజమే, కానీ మన ఊరి ఉక్కలో అది హైదరాబాద్‌లో పనిచేసినంత పనిచెయ్యదు. అయినా పెట్టండి, ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా మేలే. మూత తెరిచి వల కప్పండి, మేత తగ్గించండి, ఎయిర్ స్టోన్ ఇంకోటి వెయ్యండి. ఐసు ముక్కలు మాత్రం గబగబా పడెయ్యొద్దు, ఒక్కసారిగా చల్లబడితే వేడి కన్నా అదే ప్రమాదం.

కరెంటు పోతే? బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, లేకపోతే పంపుని ఇన్వర్టర్‌కి తగిలించండి, అది తినే కరెంటు చాలా తక్కువ. హుద్‌హుద్ తుపాను, 2014 అక్టోబరు 12, గుర్తుండే ఉంటుంది, రోజుల తరబడి ఊరికి కరెంటు లేదు. అలాంటప్పుడు చేతిపనే: మగ్గుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పొయ్యడం, గంటకో గంటన్నరకో కొన్ని నిమిషాలు. మేత పూర్తిగా ఆపెయ్యాలి. ఎయిర్ పంపు ట్యాంకు కన్నా కింద పెట్టి ఉంటే కరెంటు పోగానే నీళ్లు గొట్టంలోంచి వెనక్కి దిగి పంపులోకి, స్విచ్ బోర్డు మీదకి వస్తాయి. పంపుని నీటిమట్టం కన్నా పైన మేకుకి తగిలించండి, లేదా గొట్టంలో చెక్ వాల్వ్ పెట్టండి, అది చాలా చవక. సంక్రాంతికి ఊరెళ్తే నాలుగైదు రోజులు మేత లేకుండా పెద్ద చేపలు హాయిగా ఉంటాయి. పక్కింటివాళ్లకి మేత డబ్బా ఇచ్చి వెళ్లడం కన్నా ఏమీ ఇవ్వకపోవడం మేలు, వాళ్లు ప్రేమగా డబ్బాలో సగం కుమ్మరిస్తారు.

నీలం మందు మిథిలిన్ బ్లూ అయ్యుంటుంది. అది కొన్ని ఫంగస్‌లకి పనికొచ్చే మందే, కానీ మీ చేపలకి వచ్చింది జబ్బు కాదు, నీళ్లు పాడవడం. పైగా పెద్ద ట్యాంకులో పోస్తే మంచి బాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది, మొక్కల్ని పాడుచేస్తుంది, అద్దాల మధ్య సిలికాన్‌ని నీలంగా చేసేస్తుంది. ఎప్పుడైనా అవసరమైతే చేపని వేరే బకెట్‌లోకి మార్చి అక్కడ వాడాలి. ఆ డబ్బుతో అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేసే కిట్ కొనండి. రెండూ సున్నా చూపించాలి, నైట్రేట్ 40 పీపీఎం దాటకూడదు. రెండూ వరుసగా వారంపాటు సున్నా చూపిస్తే రోజూ నీళ్లు మార్చే పని ఆపి వారానికొకసారికి వచ్చెయ్యొచ్చు.

సక్కర్‌ని షాపుకి తిరిగి ఇచ్చెయ్యండి. అది శుభ్రం చేసే దానికన్నా విసర్జించేదే ఎక్కువ, పైగా అడుగు దాటి పెరుగుతుంది. వాళ్లు తీసుకోం అంటే ఇంకెవరికైనా పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకి ఇవ్వండి గానీ, పాపం అని ముడసర్లోవలోనో ఏ గెడ్డలోనో వదలొద్దు. అలా వదిలినవే మన రాష్ట్రంలో చాలా చెరువుల్లో పెరిగిపోయి వలలు చింపుతూ, జాలర్ల చేత దెయ్యం చేప అనిపించుకుంటున్నాయి.

ఇక మిగిలింది తొమ్మిది లెక్క. ఒక్కో గోల్డ్‌ఫిష్ బాగా పెరిగితే జానెడు ఉంటుంది, మీ పెట్టెలో రెండింటికే ఇరుకు, ఐదు ఎక్కువే. ఈ ఐదు పెరిగేలోపు మూడింటినైనా పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకి అప్పగించండి, లేదా మీరే నాలుగడుగుల ట్యాంకుకి మారండి. అత్తగారి మాట తీసెయ్యాల్సిన పని కూడా లేదు. ఆవిడ అడిగింది ఎనిమిది బంగారు రంగు, ఒక నలుపు, అంతేగా? గోల్డ్‌ఫిష్‌లన్నిటికీ వేరే ఇల్లు చూశాక అదే రెండడుగుల ట్యాంకులో ఎనిమిది పసుపు ప్లాటీలు, ఒక నల్ల మోలీ వేసుకోండి, ఒకేసారి కాకుండా మూడు నాలుగు చొప్పున వారాల తేడాతో. అవి చిన్నవి, మన వేడికి, గట్టినీళ్లకి బాగా తట్టుకుంటాయి. కాకపోతే ఆడా మగా కలిపి వేస్తే నెల తిరగకుండా పిల్లల్ని పెడతాయి, అప్పుడు తొమ్మిది తొమ్మిదిగా ఉండదు, ఆ సంగతి అత్తగారికి ముందే చెప్పి ఉంచండి.